'దంతాలపల్లిలో' దంతాలపల్లి ఉందా?

మహబూబాబాద్ జిల్లా దంతాలపల్లి గురించి తెలుగులో వచ్చిన వార్తలు, ఉత్తర్వులు, వికీపీడియా పేజీలు, గ్రామసభ తీర్మానాలు అన్నీ ఒక డేటాబేసులో చేర్చి, పైన వెతకడానికి ఒక పెట్టె పెట్టామనుకోండి. అందులో 'దంతాలపల్లి' అని కొడితే ఏమేం రావాలి? మండలంలో ఎవరిని అడిగినా తడుముకోకుండా చెబుతారు. 'దంతాలపల్లిలో వడగండ్ల వాన' రావాలి, 'దంతాలపల్లికి కొత్త బస్సు' రావాలి, 'దంతాలపల్లివాసుల ధర్నా' రావాలి. ఎవరో 'దంతాలపల్లె' అని రాసి ఉంటే అదీ రావాలి. కంప్యూటరుకు మాత్రం ఇవి నాలుగు వేర్వేరు మాటలు. ఒకదానితో ఒకదానికి చుట్టరికం ఉందని ఎవరో ఒకరు దానికి నేర్పాలి.

సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుల్లో సెర్చ్ ఇంజిన్ మార్చాలన్న మాట వచ్చినప్పుడు చర్చంతా వేగం, మెమరీ, సర్వర్ల ఖర్చు, లైసెన్సు చుట్టూ తిరుగుతుంది. అవి పట్టించుకోవలసినవే. అయితే లోపల ఉన్నది తెలుగు అయితే వాటన్నిటికంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. కొత్త ఇంజిన్ మాటను ఎక్కడ తెంపుతుంది? ఈ ప్రశ్న అడగకుండా ఇంజిన్ మార్చిన ప్రాజెక్టులో పాతదానికంటే పదింతలు వేగంగా 'ఫలితాలు లేవు' అనే జవాబు వస్తుంది.

పూర్తి టెక్స్టులో వెతికే ఇంజిన్ ఏదైనా లోపల చేసే పని ఒకటే. పెద్ద పుస్తకాల చివర పదసూచిక ఉంటుంది కదా, ఏ మాట ఏ పేజీలో ఉందో చూపే పట్టిక, ఇంజిన్ కూడా ముందుగానే అలాంటిదాన్ని కట్టి పెట్టుకుంటుంది. మీరు వెతికినప్పుడు పత్రాలన్నీ మొదటినుంచి చదవదు, ఈ పట్టికలో చూసి చెప్పేస్తుంది. లక్షల పత్రాల్లోంచి రెప్పపాటులో జవాబు రావడానికి కారణం అదే. పట్టిక కట్టాలంటే ముందు ప్రతి వాక్యాన్నీ మాటలుగా కోయాలి. కోసిన ఒక్కో ముక్కనూ టోకెన్ అంటారు. పట్టికలో ఎక్కేది టోకెనే తప్ప మీ వాక్యం కాదు. కోత తప్పితే ఆ పైన ఎంత తెలివైన లెక్క కట్టినా వృథా.

ఇంగ్లీషులో కోత తేలిక. ఖాళీ వచ్చిన చోట, విరామ చిహ్నం వచ్చిన చోట కోస్తే తొంభై పాళ్ళు సరిపోతుంది. తెలుగులో మాటల మధ్య ఖాళీలు ఉంటాయి కాబట్టి మనకూ తేలికే అనిపిస్తుంది. ఇబ్బంది రెండు చోట్ల వస్తుంది. ఒకటి, మన గుణింతాలూ ఒత్తులూ. రెండు, మాట చివర అతుక్కుపోయే విభక్తులు.

మొదటిదాన్ని దగ్గరగా చూద్దాం. ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేసు ప్రపంచంలో దాదాపు ప్రతి ఫోనులోనూ ఉంటుంది. తెలుగు నిఘంటువుల యాప్ చేసేవాళ్ళు, పాటల సంకలనాల యాప్ చేసేవాళ్ళు వెతుకులాటకు చాలావరకు దీన్నే వాడుకుంటారు. అందులో ఎఫ్‌టీఎస్5 అనే వెతుకు విభాగం ఉంది. అదనంగా ఏమీ చెప్పకపోతే అది 'యూనికోడ్61' అనే కోత పద్ధతిని వాడుతుంది. ఆ పద్ధతిలో అక్షరాలు, అంకెలు మాటలో భాగం, మిగతావన్నీ మాటలను విడదీసే గుర్తులు. లిపులన్నిటికీ సంకేతాలిచ్చే యూనికోడ్ లెక్కలో 'ద', 'త', 'ల' అక్షరాలే. దీర్ఘం, గుడి, కొమ్ము, సున్న, పొల్లు మాత్రం 'అక్షరం' అనే వర్గంలోకి రావు. అవి అక్షరానికి తగిలే చిహ్నాలుగా వేరే వర్గంలో ఉన్నాయి. దాంతో ఎఫ్‌టీఎస్5 వాటిని కామా, ఫుల్‌స్టాప్‌లతో సమానంగా చూసి అక్కడ మాటను తెంపేస్తుంది.

'దంతాలపల్లి' అన్న మాట దాని చేతికిస్తే నాలుగు ముక్కలు మిగులుతాయి: 'ద', 'త', 'లపల', 'ల'. సున్న పోయింది, దీర్ఘం పోయింది, పొల్లు పోయింది, చివరి గుడి పోయింది.

ఇంత ఘోరం జరుగుతున్నా యాప్ చేసినవాళ్ళకు చాలాకాలం తెలియకపోవడానికి కారణం ఉంది. మీరు వెతికే మాటనూ అది అదే పద్ధతిలో ముక్కలు చేస్తుంది. ఆ నాలుగు ముక్కలూ అదే వరసలో పక్కపక్కన ఉన్న చోటు వెతుకుతుంది. కాబట్టి 'దంతాలపల్లి' దొరుకుతుంది. అంతేకాదు, 'దంతాలపల్లిలో' కూడా దొరుకుతుంది, ఎందుకంటే అది 'ద', 'త', 'లపల', 'ల', 'ల' అవుతుంది, మొదటి నాలుగూ సరిపోయాయి. 'దంతాలపల్లె' కూడా దొరుకుతుంది. పరీక్షించినవాళ్ళు రెండు మూడు పొడుగు మాటలు కొట్టి చూసి, అంతా బాగానే ఉందని ముందుకెళ్ళిపోతారు.

ఇప్పుడు 'పాలు' అని వెతకండి. అది 'ప', 'ల' అయింది. 'పూలు' కూడా 'ప', 'ల'. 'పులి' కూడా అంతే. 'పేలు' అంతే. పిల్లిలోనూ మొదట ఉన్నవి ఆ రెండే. పాల ధర కోసం వెతికిన రైతుకు పూల సాగు, పులి సంచారం, పిల్లి కథ వరసగా వచ్చిపడతాయి. గుణింతం పోయిన తెలుగులో మిగిలేది హల్లుల ఎముకల గూడు. దీనికి విరుగుడు ఆ ఇంజిన్‌లోనే ఉంది. ఆ చిహ్నాల వర్గాలను కూడా మాటలో భాగంగా లెక్కించమని పట్టిక తయారుచేసేటప్పుడు ఒక్క ముక్క చెబితే చాలు. పైథాన్ భాషలో మామూలు రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌తో మాటలు విడదీసే ప్రోగ్రాములన్నిటిలోనూ ఇదే దోషం ఉంటుంది. అక్కడా 'మాటలో ఉండే అక్షరం' అన్న నిర్వచనంలో మన గుణింతపు గుర్తులకు చోటు లేదు.

రెండో ఉదాహరణ ఇంకా లోతైనది. వికీపీడియాను నడిపే మీడియావికీ సాఫ్ట్‌వేర్‌ను ఎవరైనా ఉచితంగా దించుకుని సొంత వికీ పెట్టుకోవచ్చు. వేరే సెర్చ్ ఇంజిన్ తగిలించకుండా మైఎస్‌క్యూఎల్ డేటాబేసు మీదే నడిపితే, అది తెలుగు అక్షరాలను ఉన్నవి ఉన్నట్టు సూచికలోకి ఎక్కించదు. ఒక్కో గుర్తునూ ఎనిమిది ఇంగ్లీషు అక్షరాలు, అంకెల కట్టగా మార్చి ఎక్కిస్తుంది: ముందు 'యు8' అనే రెండు, వెనుక ఆ గుర్తుకు చెందిన మూడు బైట్లను చూపే ఆరు. మైఎస్‌క్యూఎల్‌కు యూనికోడ్ సరిగా పట్టుబడని రోజుల్లో వేసిన ఉపాయం ఇది. ఆ రోజులకు మంచి ఉపాయమే.

ఇక లెక్క వేయండి. 'దంతాలపల్లి' కంప్యూటరు దృష్టిలో పది గుర్తులు: ద, సున్న, త, దీర్ఘం, ల, ప, ల, పొల్లు, ల, గుడి. పదిని ఎనిమిదితో హెచ్చవేస్తే 80. మైఎస్‌క్యూఎల్ మామూలు అమరికలో 84 అక్షరాలకు మించిన మాటను సూచికలో చేర్చదు. కాబట్టి ఊరి పేరు ఒంటిగా ఉంటే అంచున నిలబడి లోపలికి వచ్చేసింది. 'దంతాలపల్లిలో' పన్నెండు గుర్తులు, అంటే 96. అది సూచికలోకే ఎక్కదు. మండలంలోని కుమ్మరికుంట్ల పేరు విభక్తి లేకుండానే పదమూడు గుర్తులు, 104. ఆ ఊరు ఆ వికీలో ఎన్ని పేజీల్లో ఉన్నా వెతికితే దొరకదు. దోష సందేశం కూడా రాదు. ఇంగ్లీషు మాట 84 అక్షరాలు దాటడం దాదాపు ఉండదు కాబట్టి ఆ హద్దు పెట్టినవాళ్ళకు అందులో తప్పేమీ కనిపించి ఉండదు. ఇలా రెండు వేర్వేరు చోట్ల, వేర్వేరు కాలాల్లో, ఎవరికి వారు సబబుగానే తీసుకున్న రెండు నిర్ణయాలు కలిసి కుమ్మరికుంట్లను మాయం చేశాయి. తెలుగులో సాంకేతిక సమస్యలు ఎక్కువగా ఇలాగే పుడతాయని నా అభిప్రాయం. ఎవరూ తెలుగును కాదనలేదు, ఎవరూ తెలుగుతో ఒకసారి పరీక్షించి చూడలేదు, అంతే.

తెలుగు వికీపీడియాకు ఈ బెడద తప్పింది. 2003 డిసెంబరు 10న వెన్న నాగార్జున చొరవతో అది మొదలైన కొన్నేళ్ళకే వికీమీడియా సంస్థ తన సైట్లకు డేటాబేసు వెతుకులాటను వదిలి లూసీన్ అనే ఇంజిన్‌ను తగిలించింది. లూసీన్‌ను డగ్ కటింగ్ 1999లో రాశాడు. 2001లో అది అపాచీ సంస్థ గొడుగు కిందికి వచ్చింది. జావాలో రాసిన ఈ లైబ్రరీ ఈ రంగానికి పునాదిరాయి. 2004లో పుట్టిన సోలర్ దాని మీద కట్టిందే. 2010లో షే బానన్ విడుదల చేసిన ఎలాస్టిక్‌సెర్చ్ కూడా దాని మీద కట్టిందే. వికీమీడియా 2013లో ఎలాస్టిక్‌సెర్చ్ వైపు కదలడం మొదలుపెట్టి, సిరస్‌సెర్చ్ అనే పొడిగింపు ద్వారా 2014 చివరికి ఇంగ్లీషు వికీపీడియా దాకా మార్చేసింది.

ఆ తర్వాతి మార్పుకు కారణం సాంకేతికం కాదు. 2021 జనవరిలో ఎలాస్టిక్ కంపెనీ తన లైసెన్సు మార్చుకుంటున్నట్టు ప్రకటించింది. 7.10 వెర్షన్ దాకా ఎలాస్టిక్‌సెర్చ్ అపాచీ లైసెన్సు కింద ఉండేది, ఎవరైనా ఎలాగైనా వాడుకోవచ్చు. 7.11 నుంచి షరతులు వచ్చాయి. క్లౌడ్ కంపెనీలు తమ శ్రమను ఉచితంగా తీసుకుని అమ్ముకుంటున్నాయన్నది ఎలాస్టిక్ వాదన. అమెజాన్ వెంటనే 7.10 కోడ్‌ను పట్టుకుని వేరు కుంపటి పెట్టింది. దానికి ఓపెన్‌సెర్చ్ అని పేరు పెట్టి 2021 జులైలో 1.0 వెర్షన్ విడుదల చేసింది. 2024లో ఎలాస్టిక్ మళ్ళీ ఒక స్వేచ్ఛా లైసెన్సును చేర్చింది, అదే ఏడాది ఓపెన్‌సెర్చ్ లినక్స్ ఫౌండేషన్ కిందికి వెళ్ళింది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేరే వాడతామన్న నియమం ఉన్న వికీమీడియా 7.10 దగ్గరే ఆగి, అక్కడినుంచి ఓపెన్‌సెర్చ్‌కు మళ్ళింది.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. మూడుసార్లు పేరు మారింది, లోపల ఉన్నది మాత్రం మూడుసార్లూ లూసీనే. ఎలాస్టిక్‌సెర్చ్ 7.10 నుంచి ఓపెన్‌సెర్చ్ 1కు మారితే మాటల కోత మారదు, ఎందుకంటే రెండూ ఒకే కోడ్. బయటికి పెద్ద మార్పుగా కనిపించేది లోపల చిన్నది. అదే ఎస్‌క్యూలైట్ నుంచి లూసీన్ కుటుంబంలోకి మారితే, బయటికి పెట్టె అదే, రంగు అదే, లోపల భాష గురించిన ఊహలన్నీ తలకిందులవుతాయి. లూసీన్‌లోనైనా పాత వెర్షన్ నుంచి కొత్తదానికి మారితే ఇలాగే జరగవచ్చు. 2011లో వచ్చిన 3.1 నుంచి దాని ప్రామాణిక కోత పద్ధతి యూనికోడ్ సంస్థ రాసిన పదవిభజన నియమాలను పాటిస్తోంది. ఆ నియమాల్లో గుణింతపు గుర్తు ముందు అక్షరాన్ని అంటిపెట్టుకునే ఉంటుంది. అంతకుముందు భారతీయ భాషల మాటలు లూసీన్‌లోనూ విరిగిపోయేవి. వాటికోసం ప్రత్యేకంగా ఒక కోత పనిముట్టు రాసి పెట్టాల్సి వచ్చింది. యూనికోడ్ నియమాలు వచ్చాక దాని అవసరం తీరిపోయింది.

ఆ కథలో హైదరాబాద్ వాటా ఉంది. తెలుగు, హిందీ వెబ్‌సైట్లు ఎవరి ఫాంటు వాళ్ళు, ఎవరి సంకేతాలు వాళ్ళు వాడుకుంటున్న రోజుల్లో ట్రిపుల్ ఐటీ హైదరాబాద్ పరిశోధకులు ప్రసాద్ పింగళి, జగదీశ్ జాగర్లమూడి, వాసుదేవ వర్మ 'వెబ్‌ఖోజ్' అనే సెర్చ్ ఇంజిన్ కట్టారు. ఆ రకరకాల ఫాంటు సంకేతాలన్నిటినీ ఒకే యూనికోడ్‌లోకి మార్చి, అప్పుడు సూచిక కట్టేది అది. 2006లో ఎడిన్‌బరోలో జరిగిన వరల్డ్ వైడ్ వెబ్ సదస్సులో ఆ పని గురించి చెప్పారు. భారతీయ భాషల్లో ఒకే మాటకు ఉండే రకరకాల వర్ణక్రమాలను ఒక దారికి తేవడం మీద పింగళి, వర్మ రాసిన పత్రం ఆధారంగానే లూసీన్‌లో హిందీ మాటలను సవరించే భాగం రాశారు. ఆ కోడ్ పైనున్న వివరణలో వాళ్ళ పేర్లు ఇప్పటికీ ఉన్నాయి. ప్రపంచంలో ఏ మూల ఎవరు ఎలాస్టిక్‌సెర్చ్‌లో హిందీ అమరికతో వెతికినా గచ్చిబౌలిలో జరిగిన పని మీదుగానే వెళ్తుంది. దీన్ని మనం తగినంతగా చెప్పుకోలేదు.

సరే, కోత సరైంది. 'దంతాలపల్లిలో' ఇప్పుడు చెక్కుచెదరని ఒక్క టోకెన్. వెంటనే రెండో ఇబ్బంది ఎదురవుతుంది. 'దంతాలపల్లి' అని వెతికితే 'దంతాలపల్లిలో' రాదు! రెండూ వేరు మాటలు కదా. విరిగిన పాత ఇంజిన్‌లో పొరపాటున దొరికినవి, సరైన కొత్త ఇంజిన్‌లో దొరకడం మానేశాయి. ఇంజిన్ మార్చిన ప్రాజెక్టులకు వాడుకరులనుంచి 'పాతదే నయం' అన్న ఫిర్యాదులు వస్తే వాళ్ళు మార్పు గిట్టనివాళ్ళని కొట్టిపారేయకూడదు. వాళ్ళు చెప్పేది అక్షరాలా నిజం కావచ్చు.

దీనికి మామూలుగా చేసే వైద్యం తోక కోయడం. మాట చివరి 'లో', 'కి', 'ను', 'లు' వంటివి తీసేసి మొదలును మాత్రమే సూచికలో పెట్టే చిన్న ప్రోగ్రామును స్టెమ్మర్ అంటారు. పోస్ట్‌గ్రెస్ డేటాబేసులో హిందీ, తమిళం, నేపాలీలకు ఇది సిద్ధంగా ఉంది, తెలుగుకు లేదు. లూసీన్‌లో 9 వరస వెర్షన్లలో తెలుగుకు ఒక విభాగం చేరింది. అందులో వర్ణక్రమం సవరించే భాగం, తోక కోసే భాగం రెండూ ఉన్నాయి. అయితే లూసీన్‌లో ఉన్నంతమాత్రాన దాని మీద కట్టిన ప్రతి ఇంజిన్‌లోనూ అది చేతికి అందదు. సోలర్‌లో అయితే అమరిక ఫైలులో పేరు రాస్తే పనిచేస్తుంది. ఎలాస్టిక్‌సెర్చ్ 8 సిద్ధంగా ఇచ్చే భాషల జాబితాలో హిందీ, బెంగాలీ ఉన్నాయి, తెలుగు లేదు. ఇంజిన్ ఎంచుకునేవాళ్ళు ఉత్పత్తి పేజీలో 'అన్ని భాషలూ పనిచేస్తాయి' అన్న వాక్యం చదివి ఊరుకోకుండా ఈ జాబితా దాకా వెళ్ళి చూడాలి.

తోక కోయడానికీ హద్దులున్నాయి. 'ఊరు' మాటకు 'లో' చేరితే 'ఊళ్ళో' అవుతుంది. 'ఇల్లు' 'ఇంట్లో' అవుతుంది. 'గుడి' 'గుళ్ళో' అవుతుంది. చివరి ముక్క తీసేసినా మొదలు దొరకదు, మొదలే మారిపోయింది. మరోవైపు 'పాలు'లో 'లు' బహువచనమనుకుని కోసేస్తే 'పా' మిగులుతుంది. తెలుగులో మంచి స్టెమ్మర్ రాయడమంటే వ్యాకరణం తెలిసినవాళ్ళు, ప్రోగ్రామర్లు ఒకే బల్ల దగ్గర కూర్చోవడం. ఇప్పటిదాకా ఉన్నవి ప్రారంభాలే.

ఈలోగా మరో దారి ఉంది. అది కోడ్ వెతికేవాళ్ళనుంచి వచ్చింది. ప్రోగ్రామర్లు కోడ్‌లో వెతికేటప్పుడు పూర్తి మాటలు వెతకరు. నాలుగు మాటలు కలిపి రాసిన ఫంక్షన్ పేరులో మధ్య ముక్క వెతుకుతారు, బ్రాకెట్లు, చుక్కలతో సహా వెతుకుతారు. మాటల సూచిక వాళ్ళకు సరిపోదు. ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే గిట్‌హబ్ మొదట సోలర్ వాడి, 2013లో ఎలాస్టిక్‌సెర్చ్‌కు మారి, చివరికి రెండూ చాలక రస్ట్ భాషలో సొంత ఇంజిన్ రాసుకుని 2023లో బయటపెట్టింది. అది మాటలను సూచికలో పెట్టదు, వరసగా వచ్చే చిన్న చిన్న అక్షరాల గుంపులను పెడుతుంది. మూడేసి అక్షరాల గుంపులతో సూచిక కట్టే పద్ధతిని గూగుల్ కోడ్ సెర్చ్ ఎలా వాడిందో రస్ కాక్స్ 2012లో వివరంగా రాశాడు. దీన్ని ట్రైగ్రామ్ సూచిక అంటారు.

అతుకులతో పొడుగయ్యే కోడ్ పేర్లకూ, అతుకులతో పొడుగయ్యే తెలుగు మాటలకూ కష్టం ఒకటే. కాబట్టి మందూ చాలావరకు ఒకటే. 'దంతాలపల్లి'లోని పది గుర్తులనుంచి ఎనిమిది మూడేసి గుంపులు వస్తాయి. 'దంతాలపల్లిలో' మాటలో ఆ ఎనిమిదీ ఉన్నాయి, అదనంగా మరో రెండు. కాబట్టి దొరుకుతుంది. విభక్తి గురించి యంత్రానికి ఒక్క ముక్క తెలియక్కర్లేదు. ఎస్‌క్యూలైట్‌లో 2020 డిసెంబరులో వచ్చిన 3.34 నుంచి ఈ పద్ధతి ఉంది. పోస్ట్‌గ్రెస్‌లో దీనికి ఒక పొడిగింపు ఎప్పటినుంచో ఉంది.

కాకపోతే ఒక మెలిక ఉంది. కొన్ని కోడ్ వెతుకు పనిముట్లు మూడేసి అక్షరాలను కాక మూడేసి బైట్లను తీసుకుంటాయి. ఇంగ్లీషులో అక్షరానికి ఒక బైటు, రెండూ ఒకటే. తెలుగులో ఒక్కో గుర్తుకు మూడు బైట్లు, పైగా మొదటి రెండు బైట్లు తెలుగు అంతటికీ రెండే రకాలు. అంటే మూడు బైట్ల గుంపు ఒక్క తెలుగు అక్షరమే అవుతుంది. 'ద' ఎక్కడుంది, 'త' ఎక్కడుంది అని అడిగినట్టు. తెలుగు ఉన్న ప్రతి ఫైలూ 'ఉంది' అంటుంది, ఇంజిన్ వాటన్నిటినీ తెరిచి చదవాల్సి వస్తుంది, వేగం పోతుంది. కొనేముందు, దించుకునేముందు ఈ ఒక్క ప్రశ్న అడగాలి: మీ గుంపులు అక్షరాలవా, బైట్లవా?

ట్రైగ్రామ్‌కు తన దోషాలు తనకున్నాయి. 'రాయి' వెతికితే 'రాయితీ' వస్తుంది. 'పాలు' వెతికితే 'దీపాలు', 'కోపాలు' వస్తాయి. రెండే గుర్తుల 'ఈగ' అసలు వెతకలేం. అనుభవమున్న జట్లు అందుకే రెండు సూచికలూ కడతాయి. మాటల సూచికలో దొరికితే ఎక్కువ మార్కులు, ట్రైగ్రామ్ సూచికలో మాత్రమే దొరికితే తక్కువ. పాల వార్తలు పైన, దీపాల వార్తలు అడుగున వస్తాయి. స్థలం ఎక్కువ పడుతుంది, తెలుగుకు ఆ ఖర్చు పెట్టదగినదే.

మార్కుల సంగతి వచ్చింది కాబట్టి దానిలోనూ తెలుగుకు ఒక చిక్కుందని చెప్పాలి. అరుదైన మాటకు ఎక్కువ విలువ ఇవ్వాలన్న సూత్రాన్ని కేరన్ స్పార్క్ జోన్స్ 1972లో ప్రతిపాదించింది. ఇప్పుడు లూసీన్ మామూలుగా వాడే బీఎం25 లెక్క దాని సంతానమే. తెలుగులో ఒకే ఊరి పేరు ఇరవై రూపాల్లో చీలిపోతుంది కాబట్టి ఒక్కో రూపమూ అరుదైనదిగా కనిపిస్తుంది. 'దంతాలపల్లిమీదుగా' అన్న రూపం ఒకే పత్రంలో ఉంటే దానికి ఎక్కడలేని విలువ వస్తుంది. తోక కోసిన సూచికలో ఈ వంకర చాలావరకు సర్దుకుంటుంది. పక్కన ట్రైగ్రామ్ ఉన్నా మాటల సూచికలో తోక కోయాల్సిందే అనడానికి ఇదో కారణం.

కంటికి కనిపించని గుర్తులు మరో బెడద. 'మహబూబాబాద్‌లో' అని సరిగా కనిపించాలంటే పొల్లు తర్వాత ఒక కనిపించని విడదీత గుర్తు పడాలి. లేకపోతే 'ద' కింద 'ల' ఒత్తు పడుతుంది. కొందరు ఆ గుర్తు పెడతారు, కొందరికి కీబోర్డులో అది ఎక్కడుందో తెలియదు. 'పై' అన్న మాటలోని ఐత్వాన్ని ఒకే గుర్తుగానూ రాయవచ్చు, రెండు గుర్తులుగానూ రాయవచ్చు, తెరమీద తేడా ఉండదు. కొత్త ఇంజిన్‌లోకి టెక్స్టు ఎక్కించేముందు వీటిని ఒక రూపానికి తెచ్చే వడపోత పెట్టాలి. వెతికే మాటకూ అదే వడపోత ఉండాలి. ఒకవైపు పెట్టి రెండోవైపు మరిచిపోతే పెట్టకపోవడం కంటే నష్టం ఎక్కువ.

ఇక మనుషులు వాడే పేర్లు. మహబూబాబాద్‌ను ఆ చుట్టుపక్కల చాలామంది మానుకోట అనే అంటారు. జనగామ, జనగాం రెండూ రాస్తారు. పెద్దముప్పారం కలిపీ రాస్తారు, పెద్ద ముప్పారం అని విడదీసీ రాస్తారు. భూపాలపల్లి కొందరికి భూపాలపల్లె. ఇవి ఏ ఇంజిన్‌తోనూ సిద్ధంగా రావు. ప్రాజెక్టువాళ్ళే పర్యాయపదాల పట్టిక రాసుకోవాలి. ఆ పట్టికను సూచిక కట్టేటప్పుడు కాక వెతికేటప్పుడు వర్తింపజేస్తే మంచిది. కొత్త పేరు చేర్చిన ప్రతిసారీ సూచిక అంతా మళ్ళీ కట్టే పని తప్పుతుంది. అయితే పర్యాయపదం కానిదాన్ని అందులో ఇరికించకూడదు. 2016 అక్టోబరు 11న జిల్లాలు, మండలాలు పునర్వ్యవస్థీకరించే దాకా దంతాలపల్లి వరంగల్ జిల్లా నర్సింహులపేట మండలంలో ఉండేది, ఆ రోజున తానే మండల కేంద్రమైంది. పాత ఉత్తర్వుల్లో ఆ ఊరి పక్కన నర్సింహులపేట పేరు ఉంటుంది. అలాగని రెండు మండలాల పేర్లూ ఒకటేనని పట్టికలో రాస్తే ఇవాళ్టి వార్తలన్నీ కలగాపులగమవుతాయి. అక్కడ కావాల్సింది పత్రం తేదీని బట్టి పనిచేసే షరతు.

ఇంజిన్ మార్చే పనిని నేను చూసిన జట్లలో బాగా చేసినవాళ్ళు పాతదాన్ని ఆపకుండానే పక్కన కొత్తది నిలబెట్టారు. రాసే ప్రతి పత్రమూ రెండిటిలోకీ వెళ్ళేది. వాడుకరులు నిజంగా వెతికిన మాటల చిట్టా తీసి రెండిటినీ అడిగి, మొదటి పది ఫలితాలను పక్కపక్కన పెట్టుకుని చూశారు. వికీమీడియా కూడా 2013లో సిరస్‌సెర్చ్‌ను ఒక్కసారిగా రుద్దలేదు. కావాలనుకున్నవాళ్ళు తమ అభిరుచుల్లో టిక్కు పెట్టి వాడి చూసే వీలు కల్పించింది, ఆ తర్వాతే ఒక్కో వికీకి మార్చుకుంటూ వచ్చింది. ఆ చిట్టాలో ముందు చూడాల్సినవి కొత్త ఇంజిన్‌లో సున్నా ఫలితాలు వచ్చినవి. వాటిని ఒక్కొక్కటిగా చదవాలి, సగటు తీసి వదిలేయకూడదు. 'కుమ్మరికుంట్లకు' దొరక్కపోతే తోక కోయడంలో లోపం. 'మానుకోట' దొరక్కపోతే పట్టికలో లోపం. 'మహబూబాబాద్‌లో' ఒకసారి దొరికి ఒకసారి దొరక్కపోతే వడపోత ఒకవైపే ఉంది. ఇలా కారణం తెలిసిన ప్రతి మాటనూ ఒక ఫైలులో రాసి, కోడ్ మారిన ప్రతిసారీ తనంతట తానే నడిచే పరీక్షల్లో చేర్చాలి. రెండు మూడు వందల మాటల ఆ ఫైలు ఏ ఇంజిన్‌కూ చెందదు. పాత సూచికను తుడిచేసిన తర్వాత కూడా అది ప్రాజెక్టులోనే ఉంటుంది, మళ్ళీ ఇంజిన్ మార్చే రోజున ముందుగా తెరవాల్సింది అదే.